రెండుగా చీలిన కొండనాలుక

మూడో దెబ్బకి తలుపు చెక్క చీలింది. నాలుగో దెబ్బకి తమ్ముడి చెయ్యి లోపలికొచ్చింది.

ఆ చేతిలో షెడ్డులో రేకులు సాపు చేసే సుత్తి ఉంది. లారీలకి బాడీలు కట్టే చోట వెల్డరు వాడు. ఇనుమునే వంచేవాడికి నా అద్దె ఇంటి తలుపు ఒక లెక్కా.

మరదలు పాపని గుండెకి ఆనించుకుని పొయ్యి పక్కకి జరిగింది. మూడు రోజుల కిందట ఆమె కనుబొమ మీద వేసిన ఐదు కుట్లు ఇంకా తీయలేదు. ఆ కుట్లు పడేలా కొట్టినవాడే ఇప్పుడు తలుపు విరగ్గొట్టుకుని వచ్చాడు.

"అక్కా, పక్కకి జరుగు. నీతో నాకు పని లేదు."

"విరిగింది నా తలుపు. పని నాతోనే."

"నా పెళ్ళాం, నా పిల్ల. మధ్యలో నువ్వెవరు?"

"నీ పిల్లా? పుట్టి నలభై రోజులైంది. ఒక్కసారి ఎత్తుకున్నావా?"

వాడు చొక్కా జేబులోంచి ఖాళీ మాత్రల అట్ట ఒకటి తీసి నా మొహాన కొట్టాడు.

"తలనొప్పి మాత్రలు. దీని కుట్టుమిషన్ సొరుగులో దొరికాయి. రెండో నెలలో మింగింది. పిల్ల మూతి చీల్చింది ఇవే. ఇంకా నా నోరు మూయించాలని చూస్తారేం ఇద్దరూ?"

"అవి డాక్టరమ్మ రాసిచ్చినవే. చీటీ కూడా ఉంది," అంది మరదలు. దర్జీ పని చేసేవాళ్ళకి ఒక ఓపిక ఉంటుంది, తెగిన దారం మళ్ళీ సూదిలోకి ఎక్కించే ఓపిక. మూడేళ్ళుగా ఆమె దాంతోనే కాపురం చేసింది.

"నీకు మాట్లాడమని చెప్పానా?"

వాడు ముందుకొచ్చాడు. నేను అడ్డం పడ్డాను. ఒక్క తోపుకి నా భుజం ఫ్రిజ్ అంచుకి తగిలి చెయ్యంతా తిమ్మిరెక్కింది. తేరుకుని చూసేసరికి మరదలి జుట్టు వాడి ఎడమ పిడికిట్లో ఉంది. పాప ఆమె చేతుల్లో ఉంది. రెండు చేతులూ బిడ్డకే సరిపోయాయి, తనని కాచుకోవడానికి చెయ్యి మిగల్లేదు.

వాడు తల వెనక్కి లాగాడు. ఒక కుట్టు తెగింది. రక్తం కంటి మీదుగా పాప టోపీ మీద పడింది.

పొయ్యి మీద పాలసీసా మరగబెడుతున్న నీళ్ళ గిన్నె ఉంది. మరదలు పాపని ఎడమ మోచేతిలోకి జార్చుకుంది. కుడిచేత్తో గిన్నె కాడ పట్టుకుంది. తొందరేమీ లేకుండా, గుడ్డ మీద కత్తెర నడిపినంత సూటిగా, నీళ్ళన్నీ వాడి కుడిచేతి మీద పోసింది.

వాడి అరుపుకి పై వాటాలో కుర్చీ కదిలిన చప్పుడైంది. సుత్తి కిందపడింది. వాడు గోడకి జారగిలబడి మోకాళ్ళ మీద కూలాడు.

"ఇంకోసారి నా జుట్టు మీద చెయ్యి వేస్తే ఈసారి నీ మొహం మీద పోస్తాను," అంది మరదలు. పెళ్ళైన మూడేళ్ళలో వాడిని ఆమె 'నువ్వు' అనడం అదే మొదటిసారి.

అప్పుడే పాప గుర్రుమంది. సగం తాగిన పాలు ముక్కులోంచి బుడగలుగా వచ్చాయి. పెదాలు నీలం తిరిగాయి. పెదాలంటే, ఉన్నంత మేర. పై పెదవి ఎడమవైపు ముక్కు దాకా విడిపోయి, లోపల అంగిలి కూడా తెరుచుకుని ఉంటుంది.

మరదలు నేల మీద కూర్చుంది. పాపని ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి వీపు మీద తట్టింది. ఒకటి, రెండు, మూడు. నేను ఊపిరి బిగబట్టాను. వాడూ బిగబట్టాడు. నాలుగో తట్టుకి పాలు కక్కి ఏడుపు అందుకుంది.

"ఎప్పుడూ ఇంతేనా?" అన్నాడు తమ్ముడు. ఎవరినో తెలియదు.

"పూటపూటా ఇంతే. చెంచాడు పాలు దిగితే చెంచాడు ముక్కులోంచి వస్తాయి. నువ్వెప్పుడైనా చూస్తే కదా," అంది మరదలు.

వాడి చెయ్యి ఎర్రగా పొంగుతోంది. లాక్కెళ్ళి కొళాయి కింద పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు. కొట్టి చంపాలనిపించినవాడి చేతికి చల్లనీళ్ళు పోస్తూ, ఐదు రోజులుగా మింగలేక కక్కలేక దాచుకున్న మాట అక్కడే బయట పెట్టాను.

"పరీక్ష కాగితం వచ్చింది."

"ఏ కాగితం?"

"పాపకీ, మీ ఇద్దరికీ ఆసుపత్రిలో రక్తం తీశారు కదా. అది. తలనొప్పి మాత్రల వల్ల కాదు."

పదకొండేళ్ళుగా నా ఉద్యోగం అదే. వైద్య కళాశాల పరిశోధనశాలలో, గాజులా అటు నుంచి ఇటు కనిపించే చేపపిల్లల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, ముఖం ఎలా కుదురుతుందో, ఎక్కడ కుదరకుండా పోతుందో చూస్తాను. వీధి వీధంతా నన్ను చేపలమ్మ అంటారు. అంత చూసినదాన్ని, సొంత తమ్ముడికి చెప్పడానికి మాట దొరకలేదు.

"మీ షెడ్డులో రేకులు కోసి పడేస్తే చాలా? వాటంతటవే బాడీ అయిపోతాయా?"

"ఎలా అవుతాయి? ఏ రేకు ఎటు పోవాలో మేస్త్రీ సుద్దతో గుర్తు పెడతాడు. గుర్తు లేని రేకు ఎవడూ ముట్టుకోడు."

"ఒంట్లోనూ అంతే. ప్రోటీన్లు తయారైతే సరిపోదు. తయారయ్యాక వాటి మీద చిన్న చిన్న రసాయన గుర్తులు పడాలి. గుర్తు పడితేనే అవి పనిలోకి దిగుతాయి. రెండో నెలలో బిడ్డ తల వెనక నుంచి కొన్ని కణాలు బయల్దేరి ముందుకొచ్చి ముఖం కడతాయి. కుడి నుంచి కొన్ని, ఎడమ నుంచి కొన్ని వచ్చి మూతి దగ్గర కలవాలి. వాటిని నడిపించే ప్రోటీన్ మీద గుర్తు సరిగ్గా పడకపోతే కొన్ని దారిలోనే ఆగిపోతాయి. అంచులు ఒకదాన్నొకటి అందుకోవు. పాపకి జరిగింది అది. మీ మేస్త్రీలా ఆ గుర్తులు పెట్టేదొకటి ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా."

"ఆ అక్షరం దీనిదేనా?"

"కాదు. నీది."

వాడు ఎడమచేత్తో తన పై పెదవి తడుముకున్నాడు.

"నా మూతి బాగానే ఉందిగా," అన్నాడు.

"అదే తేడా ఒకళ్ళని గట్టిగా కొడుతుంది, ఇంకొకళ్ళని తాకీ తాకకుండా పోతుంది. ఎందుకో మాకూ పూర్తిగా తెలియదు. నోరు తెరు."

గోడ మీద చిన్న అద్దం ముందు నిలబెట్టి ఫోను లైటు వేశాను. వాడి గొంతు వెనక కొండనాలుక కొస దగ్గర రెండుగా చీలి ఉంది. చిన్నప్పుడు మేము నవ్వుకునేవాళ్ళం, వీడికి రెండు కొండనాలుకలు, ఒకదానికి మందేస్తే ఉన్న నాలుక ఊడినా ఇంకోటి మిగులుతుందని. అది నవ్వాల్సిన విషయం కాదని ఇరవై ఐదేళ్ళకి తెలిసింది.

వాడు చాలాసేపు నోరు తెరిచే నిలబడ్డాడు.

"నాకెక్కడ్నించి వచ్చింది?"

"అమ్మ రక్తంలో లేదు. నాలో ఉంది." అక్కడ ఆగాను. కానీ ఆగిన చోటే అంతా ఉంది.

"నాన్నలోనా? ఆయన రక్తం నీకెలా దొరికింది?"

"షుగరు పరీక్షని అబద్ధం చెప్పి తీశాను. తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. తెలుసుకోకుండా ఉండలేకపోయాను."

"ఎప్పుడొచ్చింది కాగితం?"

"ఐదు రోజులైంది."

మరదలు తలెత్తింది. తెగిన కుట్టు మీద పాప టోపీ అదిమి పట్టుకుని ఉంది.

"ఐదు రోజులా వదినా?"

ఆమె కనుబొమ పగిలింది మూడు రోజుల కిందట. ఆ లెక్క మా ముగ్గురికీ ఒకేసారి అందింది.

"చెప్తే వీడు నాన్న మీదకి పోతాడని భయపడ్డాను. కాగితం చూపించి ఉంటే నీ మీద చెయ్యి పడేది కాదు. తప్పు నాదే," అన్నాను.

"అది కాదు నేనడిగేది. కాగితంలో నా పేరు వచ్చి ఉంటే? అప్పుడు ఈ దెబ్బలు న్యాయమేనా?"

ఐదు రోజులుగా ఆ కాగితాన్ని ఆమెకి విడుదల పత్రంలా దాచిపెట్టుకున్నాను. ఆమె నేరం చేసిందో లేదో తేల్చడానికి కూర్చున్నవాళ్ళలో నేనూ ఒకదాన్నని అప్పటిదాకా తట్టలేదు.

తమ్ముడు సుత్తి తీసుకోలేదు. కాలిన చెయ్యి గాలిలో పట్టుకుని విరిగిన తలుపులోంచి బయటికి నడిచాడు. ఎక్కడికో అడగక్కర్లేదు.

"పాపని తీసుకుని పక్కింట్లో ఉండు. నేను వాడి వెనక వెళ్ళాలి," అన్నాను.

"తలుపు లేని ఇంట్లో ఉండను. పక్కింట్లోనూ ఉండను. ఇలా ఇల్లు మారుతూ ఎన్నాళ్ళు దాక్కుంటాను? మీరు మీ తమ్ముడి వెనక వెళ్ళండి. నా దారి నేను చూసుకుంటాను," అంది ఆమె. కుట్ల చీటీ, పాప ఆసుపత్రి కాగితాలు వెతికి సంచిలో పెట్టుకుంటోంది.

* * *

నాన్న ఇల్లు రెండు వీధుల అవతల. జైల్లో వార్డరుగా ముప్పై ఏళ్ళు చేసి దిగాడు. దిగాక కూడా ఇంటిని అలాగే నడిపాడు. అన్నం, నిద్ర, మాట, అన్నిటికీ వేళలు. వాడిన లాఠీ ముందుగది మేకుకి వేలాడుతుంటుంది. మా చిన్నప్పుడు అది అమ్మ వీపు మీదే ఎక్కువ వాలింది.

నేను వెళ్ళేసరికే గదిలో కుర్చీ బోర్లా పడి ఉంది. తమ్ముడు నాన్న చొక్కా పట్టుకుని గోడకి అదిమాడు. అమ్మ వంటగది గుమ్మంలో, ఒళ్ళో బీన్స్ పళ్ళెంతో, తుంచుతున్న కాయ చేతిలోనే పట్టుకుని చూస్తోంది.

"నోరు తెరు," అంటున్నాడు తమ్ముడు.

"పిచ్చెక్కిందారా? తాగొచ్చావా?"

"నోరు తెరు అన్నాను."

నాన్న చెయ్యి మేకు వైపు వెళ్ళింది. డెబ్బై ఏళ్ళ చెయ్యి, అయినా పాత అలవాటు. లాఠీ సరిగ్గా కాలినచోటే తగిలింది. బొబ్బ చిట్లి చర్మం ఊడింది. తమ్ముడు అరవలేదు. లాఠీ లాక్కుని మూలకి విసిరాడు. నాన్నని నేల మీదకి పడదోసి, గుండె మీద మోకాలు పెట్టి, రెండు వేళ్ళు దవడ సందున దూర్చి నోరు పెగల్చాడు.

నాన్న కొరికాడు. వేలు ఎముక దాకా తెగిందనుకుంటాను. నెత్తురు నాన్న గడ్డం మీదుగా కారింది. ఎవరి నెత్తురో అప్పుడు చెప్పలేకపోయాను.

"అక్కా, లైటు వెయ్యి."

వేయకూడదు. వేశాను.

పసుపెక్కిన పళ్ళ వెనక, గొంతు లోతులో, అదే చీలిక.

"చూశావా. 'నేల మంచిది కాకపోతే విత్తనం ఏం చేస్తుందిరా' అన్నావు. పిల్ల పుట్టిన రోజు ఆసుపత్రి వరండాలో, నా చెవిలో. ఆ మాట పట్టుకుని నేను దాన్ని..." తమ్ముడి మాట తెగిపోయింది. మోకాలు గుండె మీద నుంచి మెడ మీదకి జరిగింది.

నేను వాడి భుజాలు పట్టుకుని లాగాను. కదల్లేదు. నాన్న కాళ్ళు నేల మీద కొట్టుకుంటున్నాయి. మొహం నల్లబడుతోంది.

"వదులు," అంది అమ్మ. గట్టిగా కూడా అనలేదు. "ఆయన చస్తే నేనెవర్ని అడగాలి?"

ఎందుకో ఆ మాటకి వాడి మోకాలు లేచింది. నాన్న పక్కకి తిరిగి దగ్గుతూ పడున్నాడు.

అమ్మ పళ్ళెం కింద పెట్టింది. "అమ్మాయ్, ఆయన నోట్లో ఏం చూశారు మీరు?"

చెప్పాను. సుద్ద గుర్తుల సంగతి, దారిలో ఆగిపోయే కణాల సంగతి, ఆ అక్షరం ఎవరిదో. అమ్మ మధ్యలో ఒక్క ప్రశ్న వేయలేదు. అంతా అయ్యాక మాత్రం అడిగింది.

"నావైపు నుంచి రాలేదా?"

"నీ రక్తంలో అసలు లేదమ్మా."

"నేను పంటినొప్పికి మాత్ర వేసుకున్నాను. మూడో నెలలో."

"తమ్ముడు కడుపులో ఉన్నప్పుడా?"

"నీకంటే ముందు."

మాకంటే ముందు ఒక పాప పుట్టిందని, జ్వరం వచ్చి పోయిందని మా ఇద్దరికీ తెలుసు. తెలిసింది అంతవరకే. ఆ మాట ఎత్తితే అమ్మ మూడు రోజులు మాట్లాడేది కాదు కాబట్టి ఎత్తడం మానేశాం.

"జ్వరం కాదు," అంది అమ్మ. "చిన్నోడి పిల్లకి ఎలా ఉందో దానికీ అలాగే ఉండేది, కాకపోతే రెండు వైపులా. చుక్క పాలు దిగేవి కావు. నువ్వే ఏదో మింగి చేశావని ఈయన బెల్టు తీశాడు. పచ్చి బాలింతని. ఒప్పుకునేదాకా కొట్టాడు. ఒప్పుకున్నాను. మాత్ర సంగతి చెప్పాను. కొట్టడం ఆగింది. ఆగాక నాకూ అదే నిజమనిపించింది. ముప్పై తొమ్మిదేళ్ళు అదే నిజమనుకున్నాను."

"నోర్ముయ్యి," అన్నాడు నాన్న నేల మీద నుంచి.

"ఐదో రోజు పొద్దున దాని మొహం మీద దిండు పెట్టాడు."

తమ్ముడు గోడకి ఆనుకుని నెమ్మదిగా కిందికి జారాడు. కొరికిన వేలు నోట్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా కూర్చున్నాడు.

"ఆ మూతి వేసుకుని దాన్ని ఎవరు పెంచేవాళ్ళే? నువ్వా?" అన్నాడు నాన్న. లేచి కుర్చీ సరిచేసుకుని కూర్చున్నాడు. చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. "ఆపరేషన్లు తెలిసిన రోజులా అవి? దానికి మేలే చేశాను."

"ఆ రోజుల్లోనూ కుట్టేవాళ్ళు. పెద్దాసుపత్రిలో కుట్టేవాళ్ళు. మీరే అడగలేదు," అన్నాను.

నాన్న నావైపు చూశాడు. "షుగరు పరీక్షని నా రక్తం దొంగతనంగా తీసినదానివి. నువ్వు నాకు చెప్తావా?"

అప్పుడే గేటు చప్పుడైంది.

ముందు ఒక మహిళా ఎస్సై, వెనక ఒక కానిస్టేబులు. వాళ్ళ వెనక మరదలు, కనుబొమ మీద కొత్త దూదితో, పాపని నిలువుగా భుజాన వేసుకుని. గుమ్మం దాటి లోపలికి మాత్రం రాలేదు.

"ఇతనేనా?" అంది ఎస్సై.

"ఇతనే."

ఎస్సై నావైపు తిరిగింది. "మీరు ఈమె భర్తకి అక్క కదా. కొట్టడం చూశారా?"

తమ్ముడు తలెత్తి చూశాడు. ఆ చూపులో బతిమాలడం ఉందో లేదో నేను పట్టించుకోదలచుకోలేదు. గుమ్మం అవతల మరదలు కూడా చూస్తోంది. ఐదు రోజులు ఆలస్యం చేసినదాన్ని, ఇంకో క్షణం ఆలస్యం చేస్తే ఇక ఆమె మొహం చూడలేను.

"చూశాను. ఈ పొద్దున కుట్టు తెగింది నా కళ్ళ ముందే. నా తలుపు విరగ్గొట్టి వచ్చాడు. రాతపూర్వకంగా ఇస్తాను."

కానిస్టేబులు తమ్ముడి చెయ్యి పట్టుకోబోయి, ఊడిన చర్మం చూసి, ఇంకో చెయ్యి పట్టుకుని లేపాడు.

"మొదట ఆసుపత్రి, తర్వాత స్టేషను," అంది ఎస్సై. వెళ్ళబోతుంటే అమ్మ గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది. కొడుకుని వదిలేయమని బతిమాలుతుందనుకున్నాను. ఎస్సై కూడా అదే అనుకుని మొహం గట్టిగా పెట్టింది.

"ఒక్కడి కోసమే వచ్చావా అమ్మా?" అంది అమ్మ. "ఈ ఇంట్లో ఇద్దరున్నారు."

చెప్పింది. మాకు చెప్పిన మాటలే, అదే వరసలో. ఎస్సై మొదట వింటూ నిలబడింది. 'దిండు' అన్న చోట కూర్చుని పుస్తకం తీసింది.

"ఎన్నేళ్ళయింది?"

"ముప్పై తొమ్మిది."

"ఇంతకాలం ఎందుకు చెప్పలేదు?"

"తప్పు నాది అనుకున్నాను. నా తప్పుకి ఆయన శిక్ష వేశాడనుకున్నాను."

"ఇంకెవరైనా చూశారా?"

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది.

నాన్న నవ్వాడు. పళ్ళ సందుల్లో ఇంకా నెత్తురు ఉంది. కుర్చీలో ముందుకి వంగి, వార్డరు ఖైదీని పేరు పెట్టి పిలిచేటప్పటి గొంతుతో అన్నాడు.

"రాయించు. అంతా రాయించు. నేను పక్కగదిలో ఉన్నాను ఆ పొద్దున. ఉయ్యాల ఈ గదిలో ఉంది. బిడ్డని ఎత్తుకొచ్చి నా చేతికి ఎవరిచ్చారో అది కూడా రాయించవే."

మరదలు పాపని భుజం మార్చుకుంది. తమ్ముడు కానిస్టేబులు పట్టులోంచి అమ్మ వైపు తిరిగాడు.

అమ్మ ఎవరి వైపూ చూడలేదు. ఎస్సై చేతిలో ఆగిపోయిన పెన్ను వైపే చూసింది.

"నేనే ఇచ్చాను," అంది. "ఎందుకడుగుతున్నాడో తెలిసే ఇచ్చాను. అదీ రాసుకో."